బెల్లంకొండలో బెల్లమున్నదా?

ఊరి పేరును మనము పుట్టినది మొదలు వినుచునే యుందుము. ఉత్తరముపై వ్రాయుదుము, బస్సు నొసట చదువుదుము, శుభలేఖలో అచ్చు వేయింతుము. అయినను ఆ పేరునకు అర్థమేమని ఎవరైన అడిగినచో చాలమంది చిరునవ్వు నవ్వి ఊరకుందురు. కొందరు మాత్రము ఒక కథ చెప్పుదురు. కథ చక్కగనే యుండును. అది నిజమా, కల్పితమా అను విచారణ ఎవరికిని పట్టదు. నేటి ప్రసంగమునకు మేము అట్టి పేరు నొకదానిని ఎన్నుకొన్నాము. అది పల్నాటిసీమలోని బెల్లంకొండ.

బెల్లంకొండ వెనుకటి గుంటూరు జిల్లాలో సత్తెనపల్లి తాలూకాకు చెందిన ఊరు. 2022 ఏప్రిలులో నరసరావుపేట ముఖ్యపట్టణముగా పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు అది ఆ జిల్లాలో చేరినది. ఊరికి పేరిచ్చినది ప్రక్కనున్న కొండ. కొండపై శిథిలమైన రాతికోట కలదు. కొండవీటి రెడ్ల కాలమున ఆ కోట ప్రసిద్ధము. తరువాత గజపతుల చేతికి పోయినది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటిని గైకొన్న దండయాత్రలోనే బెల్లంకొండయు ఆయన వశమైనది. ఆ శతాబ్దిలోనే మరల గోలకొండ సుల్తానుల పాలైనది. ఇంతమంది రాజులు మారినను పేరు మారలేదు. కోటగోడలు కూలినవి గాని పేరు నిలిచినది.

ఈ పేరులో రెండు మాటలున్నవి. రెండవదానితో మనకు చిక్కు లేదు. 'కొండ' అచ్చమైన తెనుగు మాట. తమిళమున 'కున్ఱు' అనియు, మలయాళమున 'కున్ను' అనియు పలుకు మాటలు దీనికి జ్ఞాతులు. తెలుగునాట కోటలు కొండలమీద వెలసినవి గనుక కోటల పేర్లలో ఈ మాట మిక్కుటముగ వినబడును. వినుకొండ, పెనుకొండ, దేవరకొండ, రాచకొండ, గుఱ్ఱంకొండ, గోలకొండ, ఇట్లు ఎన్నియైనను చెప్పవచ్చును. చిక్కంతయు మొదటి మాటలోనే యున్నది. అది మన వంటింటి బెల్లమేనా? లేక బెల్లము వేషము వేసికొన్న మరియొక మాటయా?

చిన్నపిల్లవాని నడిగినచో 'బెల్లమున్న కొండ' అని తడుముకొనక చెప్పును. ఆ సమాధానమును మనము వెంటనే త్రోసివేయరాదు. పల్నాటి మెట్టభూములు జొన్నకును, ప్రత్తికిని, మిరపకును పేరుపడినవే గాని చెరకునకు గాదు. అక్కడి జొన్నకూటిని గూర్చి శ్రీనాథునివని చెప్పుకొను చాటువులు అందరికిని తెలిసినవే. కావున అక్కడ బెల్లము వండిరి గనుక ఆ పేరు వచ్చినదనుట పొసగదు. అయితే కొండకు పేరు ఆకారమునుబట్టియు రావచ్చును గదా. బ్రెజిలు దేశమున రియో డి జనీరో నగరపు సముద్రతీరమున నున్న నున్నని రాతికొండను అక్కడివారు తమ భాషలో 'చక్కెరముద్ద' అను అర్థమిచ్చు పేరుతో పిలుచుచున్నారు. పూర్వము చక్కెరను మొనదేరిన ముద్దలుగా పోతపోయువారు. ఆ కొండ అట్లున్నదని ఆ పేరు పెట్టిరని ప్రతీతి. సముద్రమునకు ఆవల చక్కెరముద్ద కొండ కాగలిగినప్పుడు మన సీమలో బెల్లపుదిమ్మ కొండ కారాదా?

బెల్లము అను మాటకే ఒక చిన్న ప్రయాణమున్నది. దానిని తమిళులు 'వెల్లమ్' అందురు, కన్నడిగులు 'బెల్ల' అందురు. తమిళమున వకారముతో మొదలగు మాటలు కన్నడమున బకారమును పొందుట వాడుక. తెలుగున మాత్రము వకారమే నిలుచును. 'వేరు' అను మాట తమిళమున 'వేర్', కన్నడమున 'బేరు'. 'వెల' అను మాట తమిళమున 'విలై', కన్నడమున 'బెలె'. ఈ లెక్కన మనము 'వెల్లము' అనవలసినది, 'బెల్లము' అనుచున్నాము. కావున ఈ మాట కన్నడసీమ నుండి బెల్లపు మూటలతో గూడ వర్తకుల వెంట మనకు వచ్చి యుండవచ్చునని తోచుచున్నది. నోటికి తీపియైన మాటకును పొరుగింటి బాంధవ్యమున్నదన్నమాట.

ఇక రెండవ సమాధానము. బ్రిటిషువారి కాలమున తయారైన గెజెటీరులో ఈ పేరునకు 'గుహల కొండ' అని అర్థము చెప్పబడినది. సరియైన రూపము 'బిలంకొండ' అట. సంస్కృతమున బిలమనగా గుహ, కన్నము. బిలములున్న కొండ బిలముకొండ యని, జనుల నోట అది బెల్లంకొండ యైనదని ఈ వాదము. వినుటకు గంభీరముగ నున్నది. సంస్కృతము నుండి వచ్చినదనగానే మనకు గౌరవము కలుగును. అచ్చు పుస్తకమున ఉన్నదనగానే మరికొంత గౌరవము కలుగును. అయినను గౌరవము వేరు, సాక్ష్యము వేరు. ఈ వాదమును మనము భాష యను త్రాసులో తూచి చూతము.

మొదట అచ్చు సంగతి. 'బి' యనునది 'బె' కాగలదా? కాగలదు. సంస్కృత పదములు తెలుగు నోట మారినప్పుడు తరువాతి అక్షరమున అకారమున్నచో ముందున్న ఇకారము ఎకారమగుటయు, ఉకారము ఒకారమగుటయు మనకు పరిచితమే. దిశ దెస యైనది. ముఖము మొగమైనది. గుణము గొనమైనది. ఆ దారినే బిలము 'బెలము' కావచ్చును. ఇంతవరకు వాదము నిలిచినది.

తరువాత హల్లు సంగతి. ఒక లకారము రెండు లకారములెట్లయినది? దెసలో సకారము ద్విత్వము కాలేదు. మొగములో గకారము ద్విత్వము కాలేదు. గొనములో నకారము ద్విత్వము కాలేదు. బిలములోని లకారము మాత్రము ఏల ద్విత్వము కావలెను? ఇక్కడ ధ్వనుల నియమము మనకు తోడు రాదు. ఈ వాదమును నిలుపవలెనన్నచో మరియొక ఆధారము కావలెను. ఆ ఆధారము పేరు జననిరుక్తి.

జననిరుక్తి యనగా ఏమి? అర్థము మరచిపోయిన మాటను జనులు తమకు తెలిసిన మాటవలె పలుకుట. ఇది తెలుగువారికే కాదు, అన్ని జాతులకును కలదు. ఇంగ్లండులో థేమ్సు నది ఒడ్డున మెయిడన్‌హెడ్ అను పట్టణము కలదు. ఇప్పటి రూపమును చూచినచో 'కన్య తల' అని అర్థము వచ్చును. అందుకు తగిన కథ కూడ పుట్టినది. పూర్వమొక కన్యాసాధ్వి శిరస్సును అక్కడ పూజించిరని చెప్పుకొనిరి. కాని పాత పత్రములలో ఆ పేరు 'మెయిడన్‌హైద్' అని కనబడినది. హైద్ అనగా ప్రాచీనాంగ్లమున పడవల రేవు. అది కన్యల రేవు. కాలక్రమమున హైద్ అను మాట వాడుకలో లేకపోగా, జనులు దాని స్థానమున తమకు తెలిసిన 'హెడ్'ను నిలిపిరి. రేవు తలయైనది. తల వచ్చిన తరువాత దానికొక కథ వచ్చినది. పేరు మారుట ముందు, కథ పుట్టుట తరువాత. ఈ వరుసను మనము గుర్తుంచుకొనవలెను.

బెల్లంకొండలోను అట్లే జరిగియుండవచ్చును. బిలము బెలమై, బెలము అర్థము తెలియని మాటయై, చివరకు ఇంటింట నున్న బెల్లముతో కలిసిపోయి యుండవచ్చును. అసంభవము కాదు. అయితే ఆంగ్లేయ పండితులు మెయిడన్‌హెడ్ సంగతిని ఊహించి చెప్పలేదు; పాత వ్రాతను చూపి చెప్పిరి. ఆ దేశమున 1086 నాటి డూమ్స్‌డే గ్రంథము మొదలు వేలకొలది గ్రామముల పేర్లు వ్రాతలో నున్నవి. 1923లో స్థాపితమైన ఆంగ్ల స్థలనామ సంఘము వారు ఒక్కొక్క మండలమును తీసికొని, ఒక్కొక్క పేరునకు దొరికిన ప్రాచీన రూపములన్నిటిని కాలక్రమమున పేర్చి, ఆ పిమ్మటనే అర్థము చెప్పుదురు. మొదట రూపము, పిదప అర్థము. ఇదియే ఆ శాస్త్రమునకు పునాది.

ఆ పద్ధతిని మనము బెల్లంకొండకు పట్టించి చూతము. రాయలవారి విజయములను వర్ణించు పాత తెలుగు పద్యములలో ఈ కోట 'బెల్లముకొండ' అనియే కనబడును. అనగా సుమారు ఐదు శతాబ్దుల నుండి ఇది బెల్లమే. బిలము మారి బెల్లమైనదన్నచో ఆ మార్పు అంతకు పూర్వమే జరిగియుండవలెను. 'బిలముకొండ' అని గాని 'బెలముకొండ' అని గాని వ్రాసిన ప్రాచీన శాసనమును చూపవలసిన భారము ఆ వాదము చేయువారిదే. చూపనంతవరకు అది తెలివైన ఊహయే గాని నిర్ణయము కాదు.

వ్యాకరణము నెరిగిన శ్రోతలు ఇక్కడ ఒక సందేహము లేవనెత్తవచ్చును. బెల్లము, కొండ అను రెండు మాటలు కలిసినచో 'బెల్లపుకొండ' కావలెను గదా? బెల్లపుదిమ్మ, బెల్లపుపానకము అనుచున్నాము గదా? సందేహము సహేతుకమే. అయితే వాడుకలో రెండు తీరులును కలవు. గుఱ్ఱపుబండి యనుచున్నాము, గుఱ్ఱంకొండ యనుచున్నాము. బెల్లపుదిమ్మ యనుచున్నాము, బెల్లంకొట్టు అనుచున్నాము. కాబట్టి ఈ యుక్తితో బెల్లమును ఊరి పేరునుండి వెడలగొట్టుట సాధ్యము కాదు.

మూడవ త్రోవ యొకటి కలదు. తెలుపును సూచించు ధాతువు తెలుగున వెల్ల, వెలుగు, వెండి అను మాటలలో నున్నది. కన్నడమున అది బకారముతో 'బెళ్ళి', 'బెళగు' అగును. బెళ్ళి యనగా వెండి. కావున బెల్లంకొండ తెల్లకొండ కారాదా యని ఎవరికైన తోచవచ్చును. కాని తెలుగుసీమ నడుమనున్న కొండకు తెలుపును తెలుపు పేరు తెలుగువారు పెట్టినచో అది 'వెల్ల' అనియే యుండవలెను. బెల్లమువలె సంతలో అమ్ముడుపోవు వస్తువు పేరు పొరుగు భాషనుండి రావచ్చును గాని, కన్నులెదుట నున్న రంగు పేరు అట్లు వచ్చుట అరుదు. ఈ త్రోవను ఇక్కడనే విడుతము.

పరదేశీయులు మన ఊళ్ల పేర్లను గూర్చి చెప్పిన మాటలను ఎంత జాగ్రత్తతో చూడవలెనో తెలుపుటకు ఆ ప్రాంతముననే ఒక నిదర్శనమున్నది. బెల్లంకొండకు ఉత్తరమున కృష్ణ ఒడ్డున కొల్లూరు అను ఊరుండెడిది. వజ్రపు గనులకు లోకప్రసిద్ధమైన ఊరది. కోహినూరు అక్కడనే దొరికినదని పలువురి నమ్మకము. పదునేడవ శతాబ్దిలో తావెర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు ఆ గనిని దర్శించి, 1676లో అచ్చయిన తన యాత్రాగ్రంథమున దానిని వర్ణించెను. ఆ చోటిని దేశభాషలో 'గని' యందురని, పారశీకమున 'కూలూరు' అందురని ఆయన వ్రాసెను. తెలుగువారికి ఇది వినగానే నవ్వు వచ్చును. 'ఊరు'తో ముగియు కొల్లూరు పారశీకపు పేరెట్లగును? గని యనునది ఊరి పేరు కానే కాదు. త్రవ్విన చోటునకు మనము వాడు మాట. పారశీకమునను గనికి 'కాన్' అను దగ్గరి మాట యున్నది. రెండు భాషల నడుమ దుబాసీ చెప్పినదో, తాను విన్నదో తారుమారైనది. ఆయన వజ్రములను తూచుటలో దిట్ట. పేర్లను తూచుటకు మాత్రము ఆయన వద్ద త్రాసు లేకపోయినది.

మన పండితులును ఈ విషయమున పూర్తిగా నిర్దోషులని చెప్పలేము. దేశిపదములో నున్న పేరును సంస్కృతములోనికి మార్చి చెప్పుట మనకు పాత అలవాటు. ఓరుగల్లును ఏకశిలానగరమనిరి. పెనుకొండను ఘనగిరి యనిరి. కావ్యములలో అది అలంకారము. అందు తప్పు లేదు. తెలుగు పేరే మూలమనియు, సంస్కృతపు పేరు దాని అనువాదమనియు ఎరిగినంతవరకు ప్రమాదమును లేదు. కాని ఆ అలవాటు ముదిరినప్పుడు ప్రతి తెలుగు పేరును ఒక సంస్కృత పదపు అపభ్రంశముగనే చూచు దృష్టి ఏర్పడును. బిలంకొండయే సరియైన రూపమను మాటలో ఆ దృష్టి ఛాయ కొంత కనబడుచున్నది.

వినుకొండనే చూడుడు. సీతాపహరణ వార్తను శ్రీరాముడు అక్కడ వినెను గనుక ఆ పేరు వచ్చినదని స్థలపురాణము. పల్నాడు అను పేరునకు సైతము కొందరు పల్లవుల నాడు అనియు, కొందరు తెల్లని రాయినిబట్టి పాలనాడు అనియు వ్యాఖ్యానము చేసిరి. కథలను మనము పారవేయరాదు. అవి ఆ ఊరి జనుల మనస్సును తెలుపును. కాని కథ జనుల మనస్సునకు సాక్ష్యము; పేరు పుట్టుకకు సాక్ష్యము కాదు. ఈ రెండింటిని వేరుపరచి చూచుటయే స్థలనామ విద్యకు ఓనమాలు.

ఇంతకును బెల్లంకొండలో బెల్లమున్నదా? మేము చెప్పగలిగినది ఇంతే. బెల్లమను అర్థమునకు ఏ మార్పును ఊహింప నవసరము లేదు; ఐదు శతాబ్దుల వ్రాతయు, జనుల పలుకుబడియు దానికి తోడున్నవి. గుహ యను అర్థమునకు రెండు మెట్లు ఎక్కవలెను. మొదటి మెట్టు గట్టిది, రెండవది ఊగుచున్నది. కావున సాక్ష్యము తూచినచో త్రాసు బెల్లము వైపే మొగ్గుచున్నది. రేపు ఏ శిలాశాసనమైన బయటపడి బిలమని చూపినచో సంతోషముగ ఒప్పుకొందము. కాని అప్పుడైనను ఒక్క మాట మాత్రము ఒప్పుకొనము: 'సరియైన పేరు బిలంకొండ' అను మాట. ఒక పేరు పుట్టుక వేరు, ఒప్పు వేరు. మొగము ముఖమునుండి పుట్టినదని మొగము తప్పు కాలేదు. ఆ కొండ క్రింద తరతరములుగా కాపురమున్నవారు పలుకునదియే దానికి సరియైన పేరు.

ఈ విచారణ పండితుల కాలక్షేపము మాత్రమే యని శ్రోతలు తలంపవలదు. ఊరి పేరు ఊరిలోనే యుండిపోదు. మనుష్యుల వెంట నడచును. బెల్లంకొండ వారను ఇంటిపేరు తెలుగునాట ఎందరికో కలదు. నరసరావుపేట సమీపమందలి పమిడిపాడున 1875లో జన్మించి 1914లో పరమపదించిన అద్వైత పండితులు రామరాయకవిగారు ఆ ఇంటిపేరుతోనే ప్రసిద్ధులు. ఊరిని ఎన్నడును చూడనివారు సైతము ఆ పేరును సంతకమున మోయుచున్నారు.

మరియొక వైపు ఊళ్లే మాయమగుచున్నవి. 2013లో ప్రారంభమైన పులిచింతల జలాశయమున పులిచింతల గ్రామమును, వజ్రముల కొల్లూరును, మరికొన్ని పల్లెలును నీట మునిగినవి. ప్రజలు పునరావాసములకు తరలిరి. నీటికి మనమందరము కృతజ్ఞులమే. పైరుకు నీరు కావలెను. కాని మునిగినది ఇండ్లు మాత్రమే కాదు. ప్రతి పల్లెకును ఒక పేరుండగా, ఆ పల్లెలోని ప్రతి చేనికి, ప్రతి వాగునకు, ప్రతి దిబ్బకు, ప్రతి గట్టునకు వేరువేరు పేర్లుండును. అవి పటములకు ఎక్కవు. పెద్దల నోటనే యుండును. చేను మునిగిన తరువాత ఆ పేరును పలుకవలసిన పనియే ఎవరికిని ఉండదు. ఒక తరము గడచినచో పేరు పోవును. ఊరి పేరునకు అర్థము తెలుపగల సాక్ష్యము కొన్ని సమయములలో ఆ చిన్న పేర్లలోనే దాగియుండును. కొండమీది ఏ గవినినో, ఏ సొరంగమునో ఆ ఊరివారు ఇప్పటికిని ఏమని పిలుచుచున్నారో తెలిసినచో, మన బిలము బెల్లముల తగవు కొంత తీరవచ్చును గదా.

పూర్వులు ఈ పనిని కొంత చేసిరి. పందొమ్మిదవ శతాబ్ది ఆరంభమున మెకంజీదొర చేకూర్పించిన గ్రామ కైఫీయతులలో ఊరి పేరు పుట్టుకను గూర్చిన ముచ్చట తరచుగ కనబడును. ఇటీవలి కాలమున కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లా ఊళ్ల పేర్లపై పరిశోధన చేసి గ్రంథము వెలువరించిరి. అయినను పని మిగిలియే యున్నది. దానికి విశ్వవిద్యాలయపు పట్టా అక్కరలేదు. ఒక నోటు పుస్తకము, కొంత ఓపిక చాలును. మీ ఊరిలోని పెద్దలు ఊరి పేరును ఎట్లు పలుకుదురో అట్లే, దిద్దక, వ్రాసికొనుడు. పొలముల పేర్లను, కుంటల పేర్లను, గుట్టల పేర్లను అడిగి వ్రాసికొనుడు. పాత దస్తావేజులలో ఊరి పేరు ఏ రూపమున నున్నదో, ఏ సంవత్సరపు దస్తావేజో గుర్తించుడు. కథ చెప్పినచో కథను కూడ వ్రాసికొనుడు. అది కథ యని ప్రక్కన గుర్తు పెట్టుడు. అర్థము చెప్పుటకు తొందర వలదు. రూపము దొరికినచో అర్థమునకు నేడు కాకున్న రేపైన దారి దొరకును. రూపమే పోయినచో ఎంతటి పండితుడును చేయగలిగినది లేదు.